గగనమార్గముల కావలి యెవరిది?

ప్రజలకెల్ల అవసరమైన యొక పనిని ప్రభుత్వమే నడుపవలయునా, ప్రైవేటు సంస్థలకు విడువవచ్చునా యను వివాదము మనకు క్రొత్తది కాదు. రైళ్లను గూర్చియు, విద్యుచ్ఛక్తిని గూర్చియు, పాఠశాలలను వైద్యశాలలను గూర్చియు ఈ చర్చ జరిగినది, ఇంకను జరుగుచున్నది. ఒక పక్షమువారు ప్రభుత్వమనిన సోమరితనమనియు, రెండవ పక్షమువారు ప్రైవేటనిన దోపిడియనియు ముందుగనే నిశ్చయించుకొని వాదమునకు దిగుదురు. అట్టి వాదములో ఒకరివలన నొకరు నేర్చుకొనునది యేమియు నుండదు. ఒక పనికి యజమాని యెవరుగా నుండవలయునో చెప్పుటకు ముందు ఆ పని స్వభావమెట్టిదో తెలిసికొనుట యుక్తము. ఆకాశమున విమానముల రాకపోకలను క్రమపరచెడి పనిని, అనగా ఏర్ ట్రాఫిక్ కంట్రోలని అందరును వ్యవహరించెడి దానిని, ఈ దృష్టితో పరిశీలింతము.

విమానములతో మాకేమి ప్రసక్తియని కొందరు గృహస్థులు తలంపవచ్చును. ఆ కాలము గడచినది. అమెరికాలోని బిడ్డలను చూడబోవు వృద్ధ దంపతులును, పొట్టచేతబట్టుకొని గల్ఫు దేశములకు పోవు కరీంనగరము, కడప ప్రాంతముల కష్టజీవులును విమానమెక్కుచునే యున్నారు. ఎక్కనివారి యిండ్ల మీదుగను పొలముల మీదుగను విమానములు పోవుచునే యున్నవి. కావున ఈ ప్రశ్న ధనికులది మాత్రమే కాదు.

ఆకాశము విశాలమే, కాని విమానములు పోవు త్రోవలు విశాలములు కావు. అన్నియు కొన్ని పట్టణములకే రావలయును, కొన్ని రన్‌వేల మీదనే దిగవలయును. రెండు జెట్ విమానములు ఎదురెదురుగా వచ్చుచున్నప్పుడు వాని నడుమ దూరము సెకండునకు దాదాపు అర కిలోమీటరు చొప్పున తరుగును. కంటితో చూచి తప్పించుకొనుటకు వ్యవధి చాలదు. కావున నేలమీద నొకడు రాడారు తెర యెదుట కూర్చుండి, రేడియోలో పైలట్లతో మాటలాడుచు, ఒక విమానమునకును మరియొక దానికిని నడుమ నిలువున సామాన్యముగా వేయి అడుగుల యెడమైనను, అడ్డముగా కొన్ని మైళ్ల యెడమైనను ఉండునట్లు చూచుచుండును. ఇతడే కంట్రోలరు. ఇతడు విమానమును నడుపడు; టిక్కెట్టును అమ్మడు; సామాను మోయడు. ఇతని పనియంతయు రెండు మాటలలో నున్నది. ఒకటి 'పొండు', రెండవది 'ఆగుడు'.

ఈ పనికి ఇతర వ్యాపారములకు లేని లక్షణములు కొన్ని కలవు. ఒక ఆకాశభాగమునకు ఒక్కడే కావలివాడుండవలయును. ఇద్దరు పోటీపడి ఆజ్ఞలిచ్చినచో ప్రయోజనము పోయి ప్రమాదమే వచ్చును. కావున పోటీవలన ధర తగ్గును, నాణ్యము పెరుగును అను వర్తకశాస్త్ర సూత్రము ఇచ్చట పనిచేయదు. ప్రయాణికుడు బట్టలంగడిని మార్చినట్లు కంట్రోలరును మార్చలేడు. అతని పేరైనను వానికి తెలియదు. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. ఈ పనికి ఫలము ఒక సంఘటన జరుగకుండుటయే. జరిగిన ప్రమాదమును అందరును లెక్కింతురు. జరుగని ప్రమాదమునకు లెక్క వ్రాయువాడు లేడు. అందువలన ఈ పనిలో ఎచ్చట కొంత కోతపెట్టినను ఆ కోత చాలకాలము లాభముగానే కనబడుచుండును.

మన గ్రామములలో చెరువు తూము కడ నుండు నీరటిని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో ఈ విషయము సులభముగా బోధపడును. అతడు ఏ యొక్క రైతు కూలివాడును కాడు. ఆయకట్టు రైతులందరును పంటలో కొంత భాగము నతనికి కొలుతురు. పెద్ద కమతముగలవాడు తానే జీతమిచ్చి నీరటిని పెట్టుకొన్నచో చివరి మడివానికి నీరు చేరదు. పారిన నీటి కొలది కూలి యిత్తుమని యేర్పాటు చేసినచో వేసవికి చెరువులో నీరు మిగులదు. తూము మూయవలసినప్పుడు మూయుటయే అతని పనిలో కష్టమైన భాగము. గగనమార్గముల కావలివాని సంగతియు నిట్టిదే. అతనికి జీతమెవరిచ్చెదరు, ఎట్లిచ్చెదరు అనుదానినిబట్టి 'ఆగుడు' అను మాట అతని నోట ధైర్యముగా వచ్చుటయు రాకుండుటయు నుండును.

ఈ పని పుట్టుకయే ఒక పాఠము. అమెరికాలో 1935 డిసెంబరులో న్యూఆర్కు విమానాశ్రయమున మార్గనియంత్రణ కేంద్రమును మొదట తెరచినవారు విమాన సంస్థలవారే. నల్లబల్ల, పటము, టెలిఫోను – ఇవియే వారి సాధనములు. ఏడాదియైనను గడువకమునుపే, 1936 జూలైలో, ఫెడరల్ ప్రభుత్వము ఆ పనిని తన చేతికి తీసికొనెను. కొన్ని సంస్థలు కలిసి యేర్పరచుకొన్న కట్టడికి ఆ సంస్థలకు చెందని విమానములను కట్టుబెట్టు శక్తి యెక్కడిది? మార్గము అందరిదైనప్పుడు ఆజ్ఞయు అందరి పేర వెలువడవలసి యుండును. 1944లో షికాగో నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికయు ప్రతి రాజ్యమునకు తన నేలపైనున్న ఆకాశమున సంపూర్ణ సార్వభౌమాధికారము కలదని మొదటి అధికరణములోనే యంగీకరించినది. విమానయాన సౌకర్యములను సాధ్యమైనంతవరకు సమకూర్చు బాధ్యతను సయితము రాజ్యము మీదనే యుంచినది.

అయినను ప్రభుత్వము చేతబట్టినంతమాత్రమున పని చక్కబడునని తలంచుట పొరపాటు. 1956 జూన్ 30న గ్రాండ్ కాన్యన్ లోయపై రెండు ప్రయాణిక విమానములు ఢీకొని 128 మంది మరణించిరి. అవి యెగురుచుండిన ఆకాశభాగమున కావలియే లేదు. ఆ ఘోరము తరువాతనే, 1958లో, ఫెడరల్ ఏవియేషన్ సంస్థకు పునాది పడినది. మన దేశమున 1996 నవంబరు 12న ఢిల్లీకి సమీపమున చర్ఖీదాద్రీపై సౌదీ విమానమును కజకిస్తాను విమానమును ఢీకొని 349 మంది యసువులు బాసిరి. 15,000 అడుగుల యెత్తున నుండవలసిన కజకిస్తాను విమానము క్రిందికి దిగివచ్చుటయే కారణమని విచారణసంఘము నిర్ణయించినది. అది నిజమే. కాని విమానముల యెత్తును తెరపై చూపెడి ద్వితీయ రాడారు నాటికి ఢిల్లీలో పనిచేయుట లేదు. వచ్చువానికిని పోవువానికిని మార్గమొక్కటే యుండెను. ఈ లోపములు సర్కారు కొలువులోనివే. శవములు పొలములలో చెల్లాచెదరైన తరువాత రాకపోకలకు వేరు వేరు మార్గములేర్పడినవి. విమానములలో తాకిడిని ముందుగా హెచ్చరించు యంత్రముండవలెనను నిర్బంధమును వచ్చినది.

ప్రైవేటు పక్షమువారి వాదమునకు బలమిచ్చట నున్నది. ప్రభుత్వశాఖ యనునది ఏటేట బడ్జెట్టు కొరకు చేయిచాపవలసినది. ఇరువదేండ్లకు సరిపడు యంత్రములను ఏడాదికి మంజూరైన ధనముతో కొనజాలదు. అమెరికాలో రాజకీయ పక్షములు బడ్జెట్టుపై కలహించి, 2018 డిసెంబరు నుండి 2019 జనవరి వరకు 35 దినములు ప్రభుత్వ ధనాగారమును మూసినప్పుడు కంట్రోలరులు జీతము లేకయే రాడారు తెరల యెదుట కూర్చుండిరి. 2025లో మరల 43 దినములు అదే యవస్థ కలుగగా, 40 పెద్ద విమానాశ్రయములలో విమానముల సంఖ్యను తగ్గింపవలసి వచ్చినది. ఇంటి యద్దెకు దిగులుపడుచున్నవానిచేత వేలకొలది ప్రాణములను కాపాడించుట యెట్టి పరిపాలనము? అదిగాక ఆ దేశమున పనిని చేయు సంస్థయు, పని బాగున్నదా యని పరీక్షించు సంస్థయు ఒక్కటే. తన తప్పును తానే తీర్పు చెప్పుకొనుట న్యాయము కాదని వేరుగ చెప్పనక్కరలేదు.

మరి ప్రైవేటు మార్గమున పోయినవారి యనుభవమేమి? ఇంగ్లండు ప్రభుత్వము 2001లో తన నియంత్రణ సంస్థలో 46 వంతుల వాటాను ఏడు విమాన సంస్థల కూటమికి విక్రయించి, 5 వంతులు ఉద్యోగులకిచ్చి, 49 వంతులు తానుంచుకొనెను. కొనుగోలు ధనములో అధికభాగము అప్పు. ఆ యప్పు భారము నియంత్రణ సంస్థ మీదనే పడినది. కొలదినెలలకే, సెప్టెంబరు 11 నాటి దాడుల పిమ్మట, అట్లాంటిక్కు మీదుగ పోవు విమానములు తగ్గి ఆదాయము క్షీణించెను. 2003లో ప్రభుత్వము మరల ధనము పోయవలసి వచ్చినది. న్యాయముగా చెప్పవలెనన్నచో, ఆ విక్రయమువలన ఇంగ్లండు ఆకాశము అపాయకరమైనదనుటకు నిదర్శనము లేదు. ప్రైవేటువారు వచ్చినంతనే విమానములు ఢీకొనునని భయపెట్టుట సత్యము కాదు. కాని యొక సంగతి తేటపడినది. ఈ సంస్థను మూతపడనిచ్చుటకు ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. నష్టము వచ్చినప్పుడు తప్పక ప్రజలు భరింపవలసిన దానిలో లాభము వచ్చినప్పుడు వాటాదారులకు పంచుట ధర్మమా యను ప్రశ్నకు సమాధానము కావలసియున్నది.

కెనడావారు వేరొక త్రోవ త్రొక్కిరి. 1996 నవంబరు 1న అచ్చటి ప్రభుత్వము ఈ పనినంతయు 150 కోట్ల కెనడా డాలర్లకు నావ్ కెనడా యను సంస్థకు అమ్మివేసెను. కాని యీ సంస్థకు వాటాదారులు లేరు. లాభము పంచుకొనువారు లేరు. మిగులు ధనముతో యంత్రములు కొనవలయును, లేదా రుసుము తగ్గింపవలయును. పాలకసభకు నలుగురిని విమాన సంస్థలును, ముగ్గురిని ప్రభుత్వమును, ఇద్దరిని ఉద్యోగ సంఘములును, ఒకరిని చిన్న విమానములవారును నియమింతురు. వీరుగాక స్వతంత్రులైన సభ్యులును గలరు. మన నీరటి పద్ధతికి ఇది దగ్గరగా నున్నది. ఆయకట్టులోని వారందరును కొలిచెదరు. ఎవ్వరును ఒంటరిగా ఏలరు. అయినను దీనికిని కొరత కలదు. 2020లో మహమ్మారి వచ్చి విమానములు నేలకు దిగినప్పుడు, ఆపత్కాలమున ఆదుకొను మూలధనము లేక, ఈ సంస్థ రుసుమును దాదాపు 30 శాతము పెంచి, ఉద్యోగులను తగ్గించినది.

ఇంతవరకు చూచినదానిలో యజమాని పేరు మారినను గుణదోషములు రెండును కనబడుచునే యున్నవి. అట్లయిన ఈ వివాదములో సారము లేదా? కలదు. దానిని కనుగొనుటకు రెండు రాత్రులను ప్రక్క ప్రక్కన నుంచి చూడవలయును.

2002 జూలై 1వ తేది రాత్రి జర్మనీలోని యూబర్లింగెన్ పట్టణముపై ఒక రష్యా విమానమును ఒక సరకుల విమానమును ఢీకొని 71 మంది మరణించిరి. వారిలో 52 మంది పిల్లలు. ఆ ఆకాశభాగమును జ్యూరిచ్ నుండి చూచుచుండినది స్కైగైడ్ అను స్విస్ సంస్థ. పేరునకు వాటాల కంపెనీయే గాని సొత్తు దాదాపుగా అంతయు స్విస్ ప్రభుత్వముది. ఆ రాత్రి ఇద్దరుండవలసిన చోట ఒక్క కంట్రోలరు రెండు తెరలను చూచుచుండెను. రెండవవాడు విశ్రమింపబోయియుండెను, రాత్రులందు అట్లు పోవుట చిరకాలముగా నడచుచున్న యలవాటు, పైవారికి తెలిసినదే. యంత్రముల మరమ్మతు జరుగుచుండెను. ప్రధానమైన టెలిఫోను మూతబడియుండెను. పొరుగు కేంద్రమువారు హెచ్చరింపబోయి మాట కలియక విఫలులైరి.

2025 జనవరి 29వ తేది రాత్రి వాషింగ్టన్ నగరమున పొటోమాక్ నదిపై ఒక ప్రయాణిక విమానమును సైనిక హెలికాప్టరును ఢీకొని 67 మంది మరణించిరి. ఇది పూర్తిగా ప్రభుత్వశాఖ నడుపు కావలి. ప్రమాదమునకు కారణములు పెక్కు గలవు. కాని హెలికాప్టరులకు ఒకరు, విమానములకు ఒకరు ఉండవలసిన రెండు స్థానములను ఆ సమయమున ఒక్కరే చూచుచుండిరి.

ఒకచోట కంపెనీ, మరియొకచోట ప్రభుత్వశాఖ. రెండు చోట్లను రెండవ కుర్చీ శూన్యము. నా యభిప్రాయమున ఈ వివాదమునకు సారమిదియే. నిశిరాత్రి విమానములు పలుచగానున్న వేళ ఆ రెండవ కుర్చీలో కూర్చున్నవాడు దుబారా ఖర్చుగా కనబడును. వేయి రాత్రులు అతని యవసరము కలుగదు. వేయిన్నొకటవ రాత్రి కలుగును. లాభమాశించు యజమాని ఆ జీతమును మిగుల్చుకొనుటకు తొందరపడును. బడ్జెట్టు భయముగల శాఖాధికారి ఆ ఖాళీని పూరింపక యేండ్లకేండ్లు జరుపును. ఇద్దరిలో ఎవరును దుర్మార్గులు కారు. తప్పు వారి మనస్సులో కంటె వారికి మనమేర్పరచిన లెక్కలో నున్నది. కావున అడుగవలసిన ప్రశ్న యజమాని యెవరని కాదు; ఆ రెండవ కుర్చీ జీతమును ఎవరి ఆశయు, ఎవరి భయమును తాకకుండ నేర్పాటు చేయుట యెట్లు? అది శూన్యమైనప్పుడు సంజాయిషీ చెప్పవలసిన వారెవరు?

సంజాయిషీ మాట వచ్చినది గనుక యూబర్లింగెన్ తరువాతి కథ కొంత చెప్పవలసి యున్నది. బిడ్డలను, భార్యను పోగొట్టుకొన్న యొక తండ్రి 2004లో ఆ కంట్రోలరు నింటికి పోయి యతనిని చంపెను. 2007లో స్విస్ న్యాయస్థానము ఆ సంస్థ ఉద్యోగులలో నలుగురిని దోషులుగా నిర్ణయించినది. అంతకు ముందు, 2006లో, కాన్‌స్టాన్స్ నగరపు జర్మన్ న్యాయస్థానము మరియొక తీర్పు చెప్పినది: ఆకాశమును కాచుట రాజ్యము ధర్మము, సరియైన శాసనాధారము లేక దానిని విదేశపు కంపెనీకి అప్పగించిన జర్మనీ రాజ్యమే నష్టమునకు బాధ్యత వహింపవలయును. అదే సంవత్సరమున జర్మనీ పార్లమెంటు తన నియంత్రణ సంస్థను విక్రయించుటకు చట్టము చేయగా, అధ్యక్షుడు హోర్స్ట్ కోలర్ అది రాజ్యాంగ విరుద్ధమని సంతకము చేయ నిరాకరించెను. రాజ్యము చేసిన తప్పునకు ఒంటరి కంట్రోలరు తన యింటి గుమ్మములో ప్రాణముతో బదులు చెప్పవలసివచ్చినది. పై మెట్టున సంజాయిషీ స్పష్టముగా లేనప్పుడు అది జారి జారి అందరికంటె క్రింది మెట్టువాని మీద పడును. మనము మరువరాని నీతి యిది.

మన దేశపు సంగతి చూతము. 1995 ఏప్రిల్ 1న ఏర్పడిన భారత విమానాశ్రయ ప్రాధికార సంస్థ విమానాశ్రయములను నడుపుటయు, గగనమార్గములను కాచుటయు రెండును చేయుచున్నది. 2006లో ఢిల్లీ, బొంబాయి విమానాశ్రయములు ప్రైవేటు చేతులలోనికి పోయినవి. 2008లో శంషాబాదు విమానాశ్రయము ప్రైవేటు భాగస్వామ్యముతోనే తెరువబడినది. అయినను అచ్చట రేడియోలో విమానములకు అనుజ్ఞ నిచ్చెడి కంఠము ప్రభుత్వ సంస్థదే. ఈ విభజన బుద్ధిపూర్వకమైనది. అంగడులు, విశ్రాంతి మందిరములు, వాహనశాలలు వ్యాపారులు నడుపవచ్చును. తూము మీది చేయి మాత్రము అమ్మకమునకు కాదు. కాని అంతటితో తృప్తిపడరాదు. 2025లో పార్లమెంటు స్థాయీసంఘము కంట్రోలరుల కొరతను గూర్చియు, వారి యలసటను గూర్చియు హెచ్చరించినది. అదే యేడు నవంబరులో ఢిల్లీలో సందేశములను పంపిణీచేయు యంత్రవ్యవస్థ చెడి వందలకొలది విమానములు నిలిచిపోయినవి. కంట్రోలరులు ఆ పనినంతయు చేతితో చేయవలసివచ్చినది. ప్రైవేటు సంస్థ చేసిన యెడల నిందింతుము, ప్రభుత్వము చేసిన యెడల సహింతుము అనుట న్యాయము కాదు.

కావున నాకు తోచిన మార్గమిది. ఆకాశమును కాచు ధర్మము రాజ్యముది; దానిని రాజ్యము ఎవ్వరికిని అమ్మరాదు, ఎవ్వరిమీదికిని నెట్టరాదు. ఆ ధర్మమును నెరవేర్చు సంస్థకు వాటాలుగాని లాభాంశములుగాని యుండరాదు. విమానములు చెల్లించు మార్గరుసుము నేరుగా ఆ సంస్థకే చేరి, యేటేటి బడ్జెట్టు కలహములకు అందకుండ నుండవలయును. మంచి కాలమున కొంత దాచి చెడు కాలమున జీతములకు వాడుకొను నిధి యొకటి యుండవలయును. విమానాశ్రయములను నిర్మించుటకో మరియొక పనికో ఆ ధనము మరలరాదు. పాలకసభలో విమాన సంస్థలకు స్థానముండవచ్చును గాని పెత్తనముండరాదు. కంట్రోలరులకును, విమానమెక్కని సామాన్య ప్రజలకును స్థానముండవలయును. చర్ఖీదాద్రీ రైతులు టిక్కెట్టు కొన్నవారు కారు. అయినను శకలములు వారి పొలములలోనే పడినవి. పరీక్షించు అధికారి పనిచేయు సంస్థకు వేరై, నిర్భయుడై యుండవలయును. పొరపాటు జరిగినదని కంట్రోలరు తానై చెప్పుకొన్నప్పుడు, అది బుద్ధిపూర్వకముగాని తీవ్రమైన నిర్లక్ష్యముగాని కానియెడల, వానిని దండింపక దానినుండి నేర్చుకొను నియమముండవలయును. భయపడువాడు తప్పును దాచును. దాచిన తప్పు మరియొక రాత్రి మరల వచ్చును.

ఇట్టి సంస్థ ఖర్చు ఎక్కువగునని కొందరందురు. కొంత యెక్కువ కావచ్చును. విమాన సంస్థలు భద్రతను కోరవా, తమ విమానములను తామే పాడుచేసికొందురా యనియు నడుగుదురు. కోరును, సందేహము లేదు. కాని వారు భద్రతతో పాటు వేళకు బయలుదేరుటను, తక్కువ రుసుమును గూడ కోరుదురు. మూడు కోరికలుగల వానిచేతికి ఒక్క కోరికయే యుండవలసిన పనిని అప్పగింపరాదు.

చివరగా గృహస్థులమైన మన వంతును చెప్పవలసి యున్నది. చౌకగా టిక్కెట్టు కావలయునని, నిమిషమైనను ఆలస్యము కారాదని మనమే కేకలు వేయుదుము. విమానము కదలక నిలిచినప్పుడు, కంట్రోలు నుండి అనుమతి రాలేదని పైలటు చెప్పగానే విసుగుకొందుము. ఆ 'ఆగుడు' అను మాట కొరకే గదా మనము రుసుము చెల్లించినది! రైలు గేటు మూసిన కాపలావానిపై కోపపడుట వివేకము కానట్లే యిదియు కాదు. మన విసుగే పైకి పోయి యాజమాన్యముల తొందరయగును. ఆ తొందరయే రాత్రివేళ ఒక కుర్చీని ఖాళీచేయును. ఆ కుర్చీ నిండియుండునట్లు చూచుట రాజ్యము ధర్మము. నిండియున్నదా యని మరల మరల నడుగుట ప్రజల ధర్మము.